పడమటి మండలాల ఎండలో హైడ్రోజన్ పండేనా?

2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ విశాఖపట్నం వచ్చి, అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్‌టీపీసీ గ్రీన్ ఎనర్జీ నిర్మించే హరిత హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన చేశారు. 1,85,000 కోట్ల రూపాయల పెట్టుబడి, 20 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ అని అంచనాలు ప్రకటించారు. అదే నెలలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో ఇంటింటి పైకప్పు మీద సౌర ఫలకాలు బిగించే పథకానికి శ్రీకారం చుట్టారు. తీరానికి హైడ్రోజన్ ఫ్యాక్టరీ, ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు సౌర ఫలకం అన్నట్టుగా పని పంచుకున్నారు. వ్యాపారం లెక్కన ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. రేవు పక్కనే ఆ హైడ్రోజన్‌తో అమోనియా తయారైతే ఓడకెక్కించడం తేలిక. అయితే ఎండను, నీటిని ఒకే పాత్రలో కలిపి నేరుగా హైడ్రోజన్ తీసే రియాక్టర్ల మీద ప్రపంచమంతటా పరిశోధన సాగుతున్న కాలమిది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతానికి అందులో చేయదగ్గ పని ఒకటి ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ ఆ ప్రాంతానికి అప్పగించలేదు.

సూత్రం పాతదే. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు అకీరా ఫుజిషిమా, కెనిచి హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద కాంతి పడేలా చేసి నీటిని విడగొట్టగలిగామని నేచర్ పత్రికలో ప్రకటించారు. గోడ రంగుల్లో వాడే తెల్ల పొడే ఆ పదార్థం. కాంతి తగిలినప్పుడు దానిలో ఎలక్ట్రాన్ ఎగసి పైస్థాయికి చేరుతుంది, దాని స్థానంలో ఖాళీ ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ నీటి నుంచి హైడ్రోజన్‌ను విడిపిస్తుంది, ఆ ఖాళీ ఆక్సిజన్‌ను విడిపిస్తుంది. నీరు విడిపోవడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. ఆచరణలో అంతకంటే ఎక్కువే కావాలి. ఇక్కడే మొదటి చిక్కు. టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలనే పీల్చుకుంటుంది. నేలకు చేరే సూర్యశక్తిలో వాటి వాటా ఐదు శాతం లోపే. మిగతా ఎండంతా ఆ పొడి మీద పడి వృథాగా పోతుంది. యాభై ఏళ్లకు పైగా రసాయన శాస్త్రవేత్తలు చేస్తున్న ప్రయత్నంలో సింహభాగం ఈ ఒక్క చిక్కు విప్పడం కోసమే.

రెండో చిక్కు పాత్రది. దాని గురించి పత్రికలూ, విశ్వవిద్యాలయాలూ తక్కువ మాట్లాడతాయి. టోక్యో విశ్వవిద్యాలయంలో కజునారి డోమెన్ బృందం చేసిన పని చూస్తే ఈ రెండు చిక్కులూ ఒకేచోట కనిపిస్తాయి. 2020లో ఆ బృందం అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్‌తో, ఒక నిర్దిష్ట అతినీలలోహిత కాంతిలో, మీద పడిన ప్రతి వంద కాంతి కణాల్లో దాదాపు 96 పనికొచ్చేలా చేసింది. నీటిని విడగొట్టే పదార్థం, అంటే ఉత్ప్రేరకం విషయంలో ఇంతకంటే ఏం కావాలి? మరుసటి ఏడాది అదే పదార్థంతో, ఇబరాకి ప్రాంతంలోని కాకియోకా దగ్గర ఆరుబయట 100 చదరపు మీటర్ల రియాక్టర్ పరిచి నెలల తరబడి నడిపారు. ఎండలోని శక్తిలో ఎంత హైడ్రోజన్‌గా మారిందని లెక్క తీస్తే గరిష్ఠంగా 0.76 శాతం. ప్రయోగశాలలో ఆ ఒక్క కాంతికి 96, బయలులో ఎండ మొత్తానికి ఒకటికీ తక్కువ. వాళ్లు ఆ సంఖ్యను దాచుకోలేదు, పరిశోధన పత్రం సారాంశంలోనే రాశారు. నా దృష్టిలో ఆ నిజాయితీ ఆ పరిశోధన అంత విలువైనది.

ఆ రియాక్టర్ ఎలా కట్టారో కాస్త వివరంగా చూడాలి. ఒక్కొక్కటి 625 చదరపు సెంటీమీటర్ల విస్తీర్ణం గల చిన్న పలకలు 1,600. ప్రతి పలకలో ఉత్ప్రేరకం పూసిన రేకు, దాని మీద అద్దం, రెండింటి మధ్య 0.1 మిల్లీమీటర్ సందు. ఆ సందులోనే నీరు. అంత పల్చగా ఎందుకు? లోతు పెరిగితే బరువు పెరుగుతుంది. చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీరు నిలిస్తే పది కిలోలు. వంద చదరపు మీటర్లకు టన్ను. ఆ బరువు మోయడానికి ఉక్కు, కాంక్రీటు, పునాది. హైడ్రోజన్ ధర అక్కడే పెరిగిపోతుంది. పల్చటి సందులో పుట్టిన బుడగలు త్వరగా పైకి జారిపోతాయి, అద్దానికి అంటుకుని కాంతిని అడ్డుకోవు. అన్నిటికన్నా ముఖ్యమైన కారణం భద్రత. ఈ తరహా రియాక్టర్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ కలిసే వస్తాయి. రెండు పాళ్లకు ఒక పాలు, అంటే మళ్లీ నీరుగా మారడానికి సరిగ్గా సరిపడే మిశ్రమం. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. సన్నని సందుల్లో, సన్నని గొట్టాల్లో మంట ముందుకు పాకే అవకాశం తగ్గుతుంది. డోమెన్ బృందం కావాలని నిప్పు అంటించి మరీ ఆ సంగతి పరీక్షించింది. తరువాత పొర గుండా వాయువులను వడకట్టి హైడ్రోజన్‌ను వేరు చేశారు. ఆ క్రమంలో కొంత హైడ్రోజన్ ఆక్సిజన్‌తో పాటే పోయింది.

ఇది ఒక పద్ధతి. ఇంకా చవకైనది ప్లాస్టిక్ సంచి పద్ధతి: పొలంలో పొడవాటి పారదర్శక సంచులు పరిచి, నీళ్లలో ఉత్ప్రేరకం పొడి కలిపి వదిలేయడం. అమెరికా పరిశోధకులు 2013లో నాలుగు రకాల రియాక్టర్లకు ఖర్చు లెక్కలు వేసి, ఒకే సంచి పద్ధతిలో కిలో హైడ్రోజన్ 1.60 డాలర్లకు, రెండు సంచుల పద్ధతిలో 3.20 డాలర్లకు వస్తుందన్నారు. ఎలక్ట్రోడ్లను పలకల్లో బిగించే పద్ధతికి 10.40 డాలర్లు, అద్దాలతో ఎండను కేంద్రీకరించే పద్ధతికి 4 డాలర్లు పడుతుందన్నారు. 1.60 డాలర్ల మాట చాలామంది ఉపన్యాసాల్లో చెబుతారు. దాని కింద ఉన్న ఊహను మాత్రం చెప్పరు. ఆ సంచి 10 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందని ముందే అనుకుని వేసిన లెక్క అది. ఈనాటి సంచి, ఈనాటి పలక ఒక శాతం దగ్గర ఆగిపోయాయి.

ఇప్పుడు ఈ శాతాలను మన నేల మీదికి దించుదాం. మదనపల్లె, కుప్పం సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. ఏడాది సగటున చదరపు మీటరు నేల మీద రోజుకు 5 నుంచి 5.5 యూనిట్ల సూర్యశక్తి పడుతుంది. కిలో హైడ్రోజన్‌లో నిల్వ ఉండే శక్తి దాదాపు 33 యూనిట్లు. ఒక శాతం సామర్థ్యం గల రియాక్టర్ చదరపు మీటరుకు రోజుకు గ్రామున్నర పైచిలుకు హైడ్రోజన్ ఇస్తుంది. కిలో కావాలంటే 600 చదరపు మీటర్లు. ఖాళీ లేకుండా ఎకరమంతా పరిచినా ఆరేడు కిలోలు. బరువు లారీ ఒకటి హైడ్రోజన్ ఫ్యూయెల్ సెల్‌తో నడిస్తే వంద కిలోమీటర్లకు ఎనిమిది పది కిలోలు తాగుతుంది. అంటే ఎకరం రియాక్టర్ ఒక రోజు ఎండంతా తాగి, మదనపల్లె మార్కెట్ నుంచి టమాట లోడును బెంగళూరుకు చేర్చేంత ఇంధనమైనా ఇవ్వలేదు. సామర్థ్యం 10 శాతానికి చేరితే అదే ఎకరం 60 కిలోలకు పైగా ఇస్తుంది. అప్పుడు అదే లారీ చెన్నై వెళ్లి తిరిగొస్తుంది.

పది శాతం అనే ఈ గీత ఊరికే గీసింది కాదు. బజారులో దొరికే సౌర ఫలకం, బజారులో దొరికే, కరెంటుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్ కలిపితే ఇవాళే ఆ గీత దగ్గరికి చేరతాం. 20 శాతం సామర్థ్యం గల ఫలకం, వేడికీ దుమ్ముకీ తీగల్లోనూ పోయే నష్టాలు తీసేస్తే, చదరపు మీటరుకు రోజుకు 0.9 యూనిట్ దాకా ఇస్తుంది. ఎలక్ట్రోలైజర్‌కు కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు కావాలి. లెక్క కడితే 60 చదరపు మీటర్లకు ఒక కిలో. నేరుగా కాంతితో నీటిని విడగొట్టే ఏ రియాక్టరైనా ఈ జోడీతో పోటీపడాలి. సామర్థ్యంలో గెలవకపోతే ధరలోనైనా గెలవాలి. సౌర ఫలకాల ధర పదేళ్లలో పడిపోయిన తీరు చూస్తే ఆ పోటీ ఏటా కఠినమవుతోంది. పూడిమడకలో కాంతి ఉత్ప్రేరకాల ఊసే లేకుండా ఎలక్ట్రోలైజర్లనే నమ్ముకోవడానికి కారణం ఇదే. ఆ నిర్ణయం సరైనది. నడిమూరు ఇళ్ల పైకప్పుల మీద ఫలకాలు పెట్టడమూ సరైనదే. ఇంటికి హైడ్రోజన్ పొయ్యి, బైకుకు హైడ్రోజన్ సిలిండర్ అని ఎవరైనా ఆశలు పుట్టిస్తే నమ్మవద్దు. రాత్రి దీపానికీ ఫ్యానుకూ బ్యాటరీయే మేలు. పెట్టిన కరెంటులో 85 శాతానికి పైగా తిరిగిస్తుంది. అదే కరెంటును హైడ్రోజన్ చేసి మళ్లీ కరెంటు చేస్తే మూడో వంతు చేతికొస్తే గొప్ప.

మరి ఈ రియాక్టర్ల మీద మనం పరిశోధన ఎందుకు చేయాలి? ఫలకం, ఇన్వర్టర్, ఎలక్ట్రోలైజర్ అన్న మూడు యంత్రాల పని ఒక్క పూత పూసిన పలకే చేయగలిగితే ఖర్చు ఎంత దిగుతుందో ఇంకా ఎవరూ తేల్చలేదు. తేల్చే దారి మూసుకుపోలేదు కూడా. మిచిగన్ విశ్వవిద్యాలయంలో జెటియాన్ మి బృందం 2023లో ఇండియం గాలియం నైట్రైడ్ ఉత్ప్రేరకం మీద కటకంతో ఎండను కేంద్రీకరించి 9.2 శాతం సాధించింది. ఆరుబయట సహజమైన ఎండలో 6.2 శాతం వచ్చింది. ఆ విజయంలో రియాక్టర్ వేడికి పెద్ద పాలు ఉంది. నీరు 70 డిగ్రీల దగ్గర ఉంటే విడిపోయిన హైడ్రోజన్, ఆక్సిజన్ మళ్లీ కలిసిపోవడం తగ్గిందని వాళ్లు చూపారు. సౌర ఫలకానికి వేడి శత్రువు. ఈ రియాక్టర్‌కు అదే మిత్రుడైంది. ఎండలు మండే సీమలో ఈ తేడా చిన్నది కాదు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో సోఫియా హౌసెనర్ బృందం అదే ఏడాది ఏడు మీటర్ల వ్యాసం గల డిష్‌తో 20 శాతం దాటి, రోజుకు అరకిలో దాకా హైడ్రోజన్ తీసింది. కాకపోతే డిష్‌కు నేరుగా పడే ఎండ కావాలి, రోజంతా సూర్యుడి వెంట తిరగాలి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలకు మబ్బు పట్టి ఉండే చిత్తూరు పడమటి భాగంలో అది ఏడాది పొడవునా ఒకేలా పనిచేయదు. కేంద్రీకరించిన ఎండతో సీరియం ఆక్సైడ్‌ను 1,500 డిగ్రీలకు వేడిచేసి హైడ్రోజన్ తీసే పద్ధతులకూ ఇదే అడ్డంకి.

మన వైపు ఏం జరుగుతోంది? తక్కువేమీ కాదు. హైదరాబాద్ ఐఐసీటీలో మాచిరాజు సుబ్రహ్మణ్యం, వల్లూరి దుర్గాకుమారి కాంతి ఉత్ప్రేరకాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. సీమలోనే, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.వి. శంకర్ బృందం సౌర ఇంధనాల కోసమే ఒక ప్రయోగశాల నిర్వహిస్తోంది. రాగి ఆక్సైడ్‌ను టైటానియం డయాక్సైడ్ మీద నానో పరిమాణంలో పొదిగి, గ్లిసరాల్ కలిపిన నీటి నుంచి సూర్యకాంతిలో హైడ్రోజన్ తీసిన వాళ్ల ఫలితం 2013లో కెమికల్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. 2006లో పుట్టిన ఒక సీమ విశ్వవిద్యాలయం ఇంత తక్కువ కాలంలో అంతర్జాతీయ పత్రికల్లో నిలబడడం మామూలు విషయం కాదు. కుప్పానికి అటువైపు బెంగళూరులో, సెంటర్ ఫర్ నానో అండ్ సాఫ్ట్ మ్యాటర్ సైన్సెస్ 2025లో సిలికాన్ మీద టైటానియం, నికెల్ ఆక్సైడ్ పొరలు వేసి 25 చదరపు సెంటీమీటర్ల ఎలక్ట్రోడ్ తయారుచేసింది. అది క్షార ద్రావణంలో పది గంటలకు పైగా నిలకడగా పనిచేసింది. సౌర ఫలకానికి కంపెనీలు పాతికేళ్ల హామీ ఇస్తాయని గుర్తుంచుకుంటే, పది గంటల నుంచి పాతికేళ్లకు మధ్య ఎంత దూరం నడవాలో తెలుస్తుంది.

ఈ రంగంలో అందరూ అలవాటుపడిన ఒక కొలత గురించి ఇక్కడ గట్టిగా చెప్పాలి. గ్రాము ఉత్ప్రేరకం గంటకు ఎన్ని మైక్రోమోల్స్ హైడ్రోజన్ ఇచ్చిందో పరిశోధన పత్రాలు రాస్తాయి. ఉదాహరణకు పదివేల మైక్రోమోల్స్. వినడానికి పెద్ద సంఖ్య. బరువులో చెబితే 20 మిల్లీగ్రాములు. పైగా ప్రయోగంలో వాడింది గ్రాము కాదు, చిన్న క్వార్ట్జ్ పాత్రలో కొద్ది మిల్లీగ్రాములు. గ్రాముకు హెచ్చవేసి రాస్తారు. పొడి రెట్టింపు చేస్తే హైడ్రోజన్ రెట్టింపు కాదు. పై పొర కాంతినంతా పీల్చుకుంటే కింది పొడికి చీకటే మిగులుతుంది. రైతుకైనా, ఫ్యాక్టరీకైనా కావలసిన సంఖ్య చదరపు మీటరు ఎండకు రోజుకు ఎన్ని గ్రాములన్నదే. రెండోది, గ్లిసరాల్ లాంటి తేలిగ్గా ఆక్సీకరణం చెందే పదార్థం కలిపినప్పుడు వచ్చే హైడ్రోజన్‌ను నీటిని విడగొట్టి తీసిన హైడ్రోజన్‌తో పోల్చకూడదు. ఆ పదార్థం ఆక్సిజన్ పని తన మీద వేసుకుని రసాయన చర్యను సులువు చేస్తుంది. కడప బృందం గ్లిసరాల్ వాడిన సంగతి పత్రంలో స్పష్టంగానే రాసింది. చిక్కు వచ్చేది తరువాత, వార్తల్లోనూ ప్రాజెక్టు దరఖాస్తుల్లోనూ రెండూ ఒకటైపోయినప్పుడు. గ్లిసరాల్ బయోడీజిల్ తయారీలో మిగిలే పదార్థం కాబట్టి ఆ దారికీ విలువ ఉంది. మదనపల్లె పట్టు రీలింగ్ కేంద్రాల నుంచి వచ్చే మురుగు నీటిలో, టమాట గుజ్జు ఫ్యాక్టరీల కడుగు నీటిలో సేంద్రియ పదార్థం పుష్కలం. అవి గ్లిసరాల్ పని చేయగలవేమో చూడడం మన కాలేజీలకు తగిన ప్రశ్న.

ఇక నీరు. పడమటి మండలాల్లో హైడ్రోజన్ అనగానే ఎవరైనా ముందు అడిగేది, తాగడానికే లేని చోట నీళ్లతో ఇంధనమా అని. ఆ ఆందోళనలో న్యాయం ఉంది. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఎండిపోయిన ప్రాంతమిది. శ్రీశైలం నుంచి 700 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఎత్తిపోతల మీద ఎత్తిపోతలతో, 2025 ఆగస్టులో హంద్రీ-నీవా నీరు కుప్పం చేరితే ఊళ్లన్నీ పండగ చేసుకున్నాయి. అయినా లెక్క చూస్తే భయం తగ్గుతుంది. కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్క ప్రకారం 9 లీటర్ల నీరు చాలు. శుద్ధిలో పోయేది కలిపితే రెట్టింపో, అంతకు కాస్త ఎక్కువో. ఒక శాతం రియాక్టర్ ఎకరమంతా పరిస్తే రోజుకు రెండు మూడు బిందెల నీరు, శుద్ధి నష్టం కలిపినా ఆరేడు బిందెలు. అదే ఎకరంలో వేసవి టమాటకు రోజుకు 4 మిల్లీమీటర్ల తడి అంటే 16 వేల లీటర్లు. దేశమంతా 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల హైడ్రోజన్ తీయాలన్నది 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ మిషన్ లక్ష్యం. దానికి కూడా రసాయన లెక్కన ఒకటిన్నర టీఎంసీలకు కాస్త పైన చాలు.

నీటి పరిమాణం కంటే నీటి గుణం అసలు సమస్య. గ్రానైటు రాతిలోంచి వచ్చే మన బోరు నీటిలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఫ్లోరైడ్ టైటానియం డయాక్సైడ్ ఉపరితలాన్ని పట్టుకుని దాని తీరు మార్చేస్తుంది. కాల్షియం తెల్లటి పొలుసుగా పేరుకుని కాంతిని ఆపుతుంది, పొరల రంధ్రాలు మూస్తుంది. నీటిలోని క్లోరైడ్ ఎలక్ట్రోడ్ దగ్గర ఆక్సిజన్‌తో పోటీపడి క్లోరిన్‌గా మారుతుంది. మిచిగన్ బృందం కుళాయి నీటితో, సముద్రపు నీటితో పరీక్షించి 7 శాతం దాకా సాధించింది. వాళ్ల కుళాయి నీరు వేరు, పుంగనూరు బోరు నీరు వేరు. మన నీటితో ఆ ప్రయోగం చేయాల్సింది మనమే. టోక్యోలో, మిచిగన్‌లో ఎవరూ దాన్ని మనకోసం చేసిపెట్టరు. ప్రయోగశాల పత్రాల్లో చాలావరకు శుద్ధజలంతో మొదలై శుద్ధజలంతో ముగుస్తాయి. మూడు నెలల పాటు బోరు నీరు తాగిన రియాక్టర్ ఎలా ఉంటుందో చెప్పే పత్రం ఒక్కటి వచ్చినా ప్రపంచంలోని ఎండ ప్రాంతాలన్నీ దాన్ని చదువుతాయి.

దుమ్ము కూడా అంతే. కుప్పం చుట్టూ గ్రానైటు క్వారీలున్నాయి. అద్దం మీద పడే ఆ సన్నని రాతి పొడి, దాన్ని కడగడానికి కావలసిన నీరు, ప్లాస్టిక్ సీళ్లు ఎండకు పెళుసుబారే వేగం, పగలూ రాత్రీ ఉష్ణోగ్రత తేడాకు అతుకులు సాగి ముడుచుకునే తీరు, ఇవన్నీ రియాక్టర్ డిజైన్‌లో భాగాలే. వాయువు విషయంలో అతుకు అంటే ప్రాణం. గాలిలో నాలుగు శాతం దాటిందంటే హైడ్రోజన్‌కు నిప్పంటుకుంటుంది, 75 శాతం దాకా అదే ప్రమాదం. 1,600 పలకలంటే కొన్ని వేల అతుకులు. ఈ సంగతి కుప్పం రైతుకు వివరించడం కష్టం కాదు. డ్రిప్పు వేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు: మోటారు బాగున్నా ఫిల్టరు పూడుకుంటే, లేటరల్ పైపు జాయింటు వదిలితే చివరి మొక్కకు నీరందదు. వేల చిన్న భాగాల వ్యవస్థ దాని బలహీనమైన జాయింటు మీదే ఆధారపడుతుంది.

డ్రిప్పు మాట ఊరికే తేలేదు. 1990ల రెండో భాగంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో కుప్పంలో ప్రదర్శన క్షేత్రాలు మొదలయ్యాయి. ఖరీదెక్కువని, చిన్న రైతుకు అందదని అప్పట్లో గట్టి విమర్శలే వచ్చాయి. ఆ క్షేత్రాల నమూనా అలాగే ఊరూరా పాకలేదు. డ్రిప్పు మాత్రం పాకింది. 2003 నవంబరులో రాష్ట్రం సూక్ష్మ సేద్య పథకం మొదలుపెట్టి రాయితీ ఇచ్చాక, పైపులూ ఫిల్టర్లూ మండల కేంద్రంలో దొరికాక, బిగించే మేస్త్రీలు తయారయ్యాక పాకింది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ అదే కుప్పంలో ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. స్వయం సహాయక బృందాల మహిళలు సౌరశక్తితో నడిచే ప్రింటర్లతో ఊళ్లలో ఫొటోలు తీసి ఇచ్చి ఆదాయం పొందారు. కుప్పం ప్రయోగాలకు కొత్త కాదు. బయటివాళ్లు వచ్చి చేసే ప్రయోగానికి గడువు ఉంటుంది, స్థానికంగా నేర్చుకున్న పనికి ఉండదు. హైడ్రోజన్ విషయంలో నేను కోరుకునేది ఈ రెండో రకం.

నేర్చుకునే చోట్లు ఉన్నాయి. మదనపల్లెలో 1915 నాటి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ, అంగళ్లులో మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్, కుప్పంలో ఇంజనీరింగ్ కాలేజీ, 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం. ఈ కాలేజీల్లో కొత్త ఉత్ప్రేరకం కనిపెట్టాలంటే కోట్ల ఖరీదు చేసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు కావాలి. రియాక్టర్ కట్టాలంటే అద్దం, అక్రిలిక్ రేకు, సిలికోన్ సీలు, పంపు, ఆర్వో యూనిట్, వాయువు కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్, లీకు పసిగట్టే సెన్సార్లు కావాలి. చివరి రెండూ తప్ప మిగతావన్నీ బెంగళూరు రోడ్డు మీద దొరికేవే. మెకానికల్, కెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ముగ్గురూ కలిసి చేయాల్సిన పని ఇది. ప్రతి ఏటా వందల ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్ అయి బీరువాల్లో చేరుతున్న చోట, ఒక రియాక్టర్‌ను ఏడాదంతా ఎండలో ఉంచి, రోజూ గ్రాములు రాసిపెట్టడం ఎంతో మేలైన చదువు. ఇక్కడ వాయువుల నిర్వహణ, సీళ్లు, పొరలు, నీటి శుద్ధి నేర్చుకున్న కుర్రవాళ్లకు రేపు పూడిమడకలోనో, కాకినాడ అమోనియా ఫ్యాక్టరీల్లోనో పని దొరుకుతుంది. కాంతి ఉత్ప్రేరకం గెలిచినా ఓడినా ఆ చదువు వృథా పోదు.

వచ్చే కొద్దిపాటి హైడ్రోజన్ ఏం చేస్తారన్న ప్రశ్నకూ జవాబుండాలి. పుంగనూరు వైపు పాల శీతల కేంద్రాలకు, మదనపల్లె టమాట శీతల గిడ్డంగులకు మబ్బు రోజుల్లో వరసగా కరెంటు పోతే వాడుకునే నిల్వగా అది పనికొస్తుంది. బ్యాటరీ ఒక రాత్రికి సరిపోతుంది, నాలుగు రోజుల ముసురుకు సరిపోదు. ఇంకొకటి ఆక్సిజన్. కిలో హైడ్రోజన్‌తో పాటు ఎనిమిది కిలోల ఆక్సిజన్ పుడుతుంది. చాలా డిజైన్లు దాన్ని గాలిలోకి వదిలేస్తాయి. 2021 మే నెలలో తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా ఆగి రోగులు ప్రాణాలు పోగొట్టుకున్న రాత్రిని ఈ జిల్లాలు మరచిపోలేవు. వైద్య ఆక్సిజన్‌కు కఠినమైన ప్రమాణాలున్నాయి. రియాక్టర్‌లోంచి నేరుగా వార్డుకు ఇచ్చేది కాదు. అయినా రెండు వాయువులనూ మొదటినుంచే వేరుగా తీసే డిజైన్‌కు, కలిపి తీసి తరువాత వడకట్టే డిజైన్ కంటే మన దగ్గర ఎక్కువ విలువ ఉండాలి. భద్రత కోసమూ, ఆక్సిజన్ కోసమూ. క్షయ రోగుల కోసం వందేళ్ల కిందటే ఆరోగ్యవరం ఆసుపత్రి కట్టుకున్న ప్రాంతానికి ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు.

అందుకే రాష్ట్ర ప్రభుత్వాన్ని, విశ్వవిద్యాలయాలను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. 2024 సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం లక్షల కోట్ల పెట్టుబడులను లక్ష్యంగా పెట్టుకుంది. ఆ విధానం నీడలోనే అంగళ్లులోనో, కుప్పంలోనో 100 చదరపు మీటర్ల ఆరుబయటి పరీక్షా స్థలం ఒకటి కేటాయించండి. కడప బృందం ఉత్ప్రేరకం ఇవ్వనీ, మదనపల్లె, కుప్పం విద్యార్థులు పాత్ర కట్టనీ. పక్కనే అంతే విస్తీర్ణంలో సౌర ఫలకాలు, చిన్న ఎలక్ట్రోలైజర్ పెట్టి రెండింటినీ ఒకే ఎండలో, ఒకే బోరు నీటితో ఏడాది నడపండి. చదరపు మీటరుకు వచ్చిన గ్రాములు, ఖర్చయిన నీరు, ఆగిపోయిన రోజులు, కారిన అతుకులు, అన్నీ నెలనెలా తెలుగులో ప్రకటించండి. ఫలితం 0.3 శాతం వచ్చినా సరే, ప్రకటించండి.